మూడు రోజుల కూటాలకు నాలుగు లక్షలా? తొలి సంఘం పద్ధతి ఇప్పుడు వరంగల్‌లో నడుస్తుందా?

ప్రశ్న: జిరాక్స్_హన్మకొండ

అందరికీ వందనాలు. నాది హన్మకొండ, చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుకుంటాను. మా చర్చిలో యూత్ పని కూడా నా నెత్తి మీదే ఉంది. సంక్రాంతి పోయాక మూడు రోజుల సువార్త కూటాలు పెడదామని కమిటీలో అనుకున్నారు. స్టేజి, షామియానా, మైక్ సెట్, ఎల్‌ఈడీ తెర, ఫ్లెక్సీలు, బయటి నుంచి వచ్చే ప్రసంగీకుడికి కారు, రూము, కానుక, వచ్చినవాళ్లకు రాత్రి భోజనం, అన్నీ కలిపి లెక్క వేస్తే నాలుగు లక్షలు దాటింది. లెక్క వేసింది నేనే, టైప్ చేసింది నేనే, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పోయినేడు కూడా ఇట్లాగే పెట్టాం. ఆఖరి రాత్రి ముందుకు వచ్చి పేరు రాయించుకున్నవాళ్లు నలభై మందికి పైనే. ఆ కార్డులు నా దగ్గరే ఉన్నాయి, వారం తిరగకముందే ఒక్కొక్కరికి ఫోన్ చేశాను. సగం మంది వేరే చర్చిల విశ్వాసులే, ఎక్కడ కూటం పెట్టినా వెళ్లి చెయ్యెత్తే అలవాటు ఉన్నవాళ్లు. కొన్ని నంబర్లు కలవలేదు. ఒకాయన "ఎవరు బాబూ, లోనా?" అని పెట్టేశాడు. ఇప్పటికీ ఆదివారం వస్తున్న కొత్తవాళ్లు ఇద్దరే. వింత ఏంటంటే వాళ్లు కార్డు రాసినవాళ్లు కూడా కాదు, షామియానా కట్టడానికి వచ్చిన కూలీలు. మూడు రోజులు మా పిల్లలు వాళ్లతో కలిసి గుంజలు పాతారు, సామాను మోశారు, టీ తాగారు, అట్లా మాటలు కలిశాయి. ప్రసంగం నడుస్తున్నంతసేపు వాళ్లిద్దరూ డీసీఎం వెనక పడుకుని ఉన్నారు.

అప్పటి నుంచి బైబిల్లో తొలి సంఘం కథ చెప్పే అపొస్తలుల కార్యములు మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాను. 11వ అధ్యాయం దగ్గర ఆగిపోయాను. మొదటి హతసాక్షి స్తెఫను చనిపోయాక చెదిరిపోయిన విశ్వాసులు ఫొయినీకే, కుప్ర, అంతియొకయ దాకా వెళ్లారు, యూదులకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. అంతియొకయలో గ్రీకువాళ్లతో నోరు విప్పింది ఎవరంటే కుప్రవాళ్లు కొందరు, కురేనేవాళ్లు కొందరు. అంతే, పేర్లు లేవు. పౌలును, బర్నబాను ప్రయాణానికి పంపిన సంఘం అది, క్రైస్తవులు అనే పేరు మొదట పుట్టిన ఊరు అది, దాన్ని మొదలుపెట్టిన మనుషుల పేర్లు ఆ పుస్తకం రాసిన లూకాకు దొరకలేదో, రాయాలనిపించలేదో. మన ఫ్లెక్సీ మీద మాత్రం ప్రసంగీకుడి ఫొటో నిలువెత్తు, కింద వరుసగా కమిటీ వాళ్లవి. నాది కూడా ఉంది, కూలింగ్ గ్లాసులతో ఉన్న ఫొటో ఇస్తే అది వద్దన్నారు, వేరేది ఇచ్చాను.

అడిగేది ఏంటంటే, "ఆ కాలం వేరు, ఈ కాలం వేరు" అని మా పాస్టర్ గారు అంటున్నారు. ఆయన మాట తీసేయలేను. రోమా రోడ్లు, చాలా ఊళ్లలో నడిచే గ్రీకు భాష, వెళ్లగానే అడుగుపెట్టడానికి యూదుల సమాజ మందిరాలు, ఆ వసతి వాళ్లకుంది. మనకు వాట్సాప్ ఉంది, దానితో పాటు అనుమానం కూడా ఉంది, చేతిలో బైబిలుతో కొత్త వాడకు వెళితే ఎవరో ఒకరు ఫోన్ తీసి వీడియో పెట్టే రోజులు. ఇట్లాంటప్పుడు ఆ తొలి మూడు వందల ఏళ్ల వాళ్ల దగ్గర మనకు నిజంగా పనికొచ్చేది ఏముంది? ప్రసంగం వద్దు, మీరు చేసి చూసినవి, తెలిసినవి చెప్పండి.


జవాబు: జనగామ_బ్రదర్

బ్రదర్, కూటాలను అంత తేలిగ్గా తీసెయ్యకండి. పెంతెకొస్తు రోజు పేతురు గొంతెత్తి మాట్లాడింది జనం మధ్యలోనే, ఆ రోజు చేరింది మూడు వేల మంది. ఎఫెసులో పౌలు తురన్ను పాఠశాలలో రోజూ మాట్లాడాడు, అంటే హాలు చూసుకునే మాట్లాడాడు కదా. మా నాన్న తాగుడు మానింది ఇట్లాంటి మైదానం కూటంలోనే, నేను అప్పుడు ఆరో తరగతి, ఇంటికి రాగానే సీసా తీసుకెళ్లి బావిలో పడేశాడు, ఆ నీళ్లు వారం తాగలేదు మేము. మీకు ఇద్దరే మిగిలారంటే తప్పు షామియానాది కాదు, తర్వాత పట్టించుకోని మనది. నాలుగు లక్షలు ఎక్కువే, అది ఒప్పుకుంటా. లక్షలో చేయండి.


జవాబు: డోర్నకల్_రిటైర్డ్_టీచర్

తమ్మీ, మంచి చోట ఆగావు. జనగామ బ్రదర్ తురన్ను పాఠశాల మాట ఎత్తాడు, ఆ వచనం చివరిదాకా చదవాలి, అది రెండేళ్లు నడిచింది. కొరింథులో ఏడాదిన్నర. ఎఫెసు పెద్దలకు వీడ్కోలు చెప్పేటప్పుడు మూడేళ్లు రాత్రింబగళ్లు అని ఆయనే గుర్తు చేస్తాడు. కొన్ని ఊళ్లలో తొందరగా కదిలాడు, అది కూడా తరిమేస్తే కదిలాడు. శుక్ర, శని, ఆదివారాల్లో తేలిపోయే పని అని ఆయన ఎక్కడా అనుకున్నట్టు లేదు.

నాకు బాగా ఇష్టమైనది మాత్రం 14వ అధ్యాయం, లుస్త్ర అనే ఊరి సంగతి. పుట్టు కుంటివాడు లేచి నడిస్తే జనం వీళ్లను దేవుళ్లు అనుకున్నారు. బర్నబాను ద్యుపతి అన్నారు, మాట్లాడేది పౌలు కాబట్టి ఆయన్ని హెర్మే అన్నారు. పూజారి ఎడ్లను, పూలదండలను తెచ్చేదాకా వీళ్లకు సంగతి అందలేదు, ఎందుకంటే జనం కేకలు వేసింది లుకయోనియ భాషలో. బజారులో గ్రీకు నడుస్తుంది, సంబరం వస్తే మాత్రం నోట్లోంచి ఇంటి భాషే వస్తుంది. నేను మహబూబాబాద్ వైపు తండాల బడుల్లో చాలా ఏళ్లు చెప్పాను. పిల్లలు నాతో తెలుగు బాగానే మాట్లాడేవారు, నేను వెనక్కి తిరిగి బోర్డు మీద రాస్తుంటే గుసగుసలాడుకుని నవ్వేది గోర్ బోలిలో, అంటే లంబాడీల ఇంటి భాషలో. దేనికి నవ్వుతున్నారో పట్టుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది, తీరా చూస్తే నా నడకకే. మీ కూటానికి తండాల నుంచి ఆటోలు పెట్టి జనాన్ని తెస్తారు కదా, స్టేజి మీద ఉన్న పదిహేను మందిలో వాళ్ల భాష ఒక్కరికైనా వచ్చా? ములుగు దాటి ఏటూరునాగారం వైపు వెళితే కోయ మాట్లాడతారు, అక్కడా ఇదే ప్రశ్న.

ఇంకో సంగతి కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. లుస్త్రలో పౌలు లేఖనం పేరు ఒక్కటీ ఎత్తడు. వాళ్లు చదివింది కాదు కాబట్టి. ఆకాశం నుంచి వాన, కాలానికి పంట, కడుపు నిండా అన్నం, వీటి గురించి మాట్లాడతాడు. ఏథెన్సు వెళితే వాళ్ల కవుల మాటలే వాళ్లకు అప్పజెప్పి అక్కడి నుంచి మొదలుపెడతాడు. సమాజ మందిరంలో అయితే మోషే, ప్రవక్తలు. మనిషి ఒక్కడే, ఊరిని బట్టి మొదలు మారింది. మనవాళ్లు పత్తి రైతు దగ్గరికి వెళ్లినా, కాలేజీ పిల్లాడి దగ్గరికి వెళ్లినా అదే కరపత్రం చేతిలో పెడతారు.

ఇదంతా పాత కథ, మన నేల మీద ఎవరు చేశారు అంటావేమో. మా ఊరే చూడు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు విదేశీ డబ్బు ముట్టకుండా, తమ డబ్బుతో, తమ మనుషులతో నడపాలని ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. వాళ్లు ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. ఆ సంఘం మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో తనే ఇక్కడికి వచ్చేశాడు. తమిళుడు, తెలుగు కొత్తగా నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. బిషప్ అయ్యాక కూడా ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగాడు. భజన, కోలాటం పల్లెవాళ్లవి, పాపం కాదు, వాటితోనే దేవుణ్ణి పాడుకోండి అన్నాడు. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఇక్కడి కతీడ్రల్ చూడు, స్తంభాలు గుడి మండపంలా ఉంటాయి, గోపురాలు మసీదును గుర్తు చేస్తాయి, లోపల సిలువ.

బాప్తిస్మం తీసుకున్నవాళ్లతో తల మీద చెయ్యి పెట్టించి "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుడిని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని అనిపించేవాడు. పౌలు కొరింథీయులకు రాసిన మాటే అది, అయితే పౌలు తన గురించి రాసుకున్నదాన్ని ఈయన సంతకం పెట్టడం రాని కూలీ నోట పలికించాడు. ఏటా ఒక వారం సాక్ష్యం కోసమని కేటాయించి, మామూలు సంఘస్థులనే పక్క ఊళ్లకు పంపేవాడు. జీతం తీసుకునే బోధకులే చేయాల్సిన పని అని వదిలెయ్యలేదు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సభ జరిగితే అక్కడ తెల్లవాళ్ల ముఖం మీదే చెప్పాడు, మీరు ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అని. ఇప్పుడు ఆ మాట మన కమిటీలకు కూడా వర్తిస్తుంది, మనం తండాకు బియ్యం సంచి ఇస్తాం, వాళ్లింట్లో కూర్చుని తినం.

ఇంకొకటి చెప్పి ఆపుతా, చేదుగా ఉంటుంది. 6వ అధ్యాయంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు రోజువారీ భోజనం సరిగా అందడం లేదని సణుగుడు వచ్చింది. మొదటి సంఘంలో మొదటి పంక్తి భేదం అది. అపొస్తలులు సర్దిచెప్పి ఊరుకోలేదు. ఏడుగుర్ని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు, ఏడూ గ్రీకు పేర్లే. అంటే ఎవరైతే అన్యాయం జరిగిందన్నారో వాళ్ల వైపు వాళ్ల చేతికే గరిటె ఇచ్చారు. దాని వెంటనే వాక్యం వ్యాపించింది అని రాసి ఉంది. మన దగ్గర ఈ వాడ వాళ్ల చర్చి వేరు, ఆ వాడ వాళ్ల చర్చి వేరు, శ్మశానంలో కూడా గోడ. బయటివాడికి ఏమని చెబుతాం తమ్మీ? ముందు మీ కమిటీ పేర్లు రాసుకుని ఎవరి వాడవో చూడు.


జవాబు: నర్సంపేట_ఎరువుల_షాపు

నేను క్రిస్టియన్ కాదు, మా అమ్మ మేడారంలో అమ్మవార్లకు ఎత్తు బంగారం మొక్కుకునే మనిషి, మా ఇంట్లో రెండేళ్లకోసారి బెల్లం తూకం వేయడం నా పని. స్నేహితుడు ఈ చర్చ పంపితే చదివాను, తెల్లవారుజామున ఈ టైపింగు ఎందుకో నాకే తెలియదు. మీరు మీలో మీరు బాగానే మాట్లాడుకుంటున్నారు, అటు వైపు నిలబడి వినేవాడికి ఎట్లా ఉంటుందో కూడా వినండి.

మా వీధిలో రెండేళ్ల కింద కూటం పెట్టారు. పది తర్వాత మైకు పెట్టొద్దని రూల్ ఉంది, అది గుడికైనా, మసీదుకైనా, మీకైనా ఒకటే, పన్నెండు దాకా మోగింది. దానికంటే బాధ, ప్రసంగం చేసినాయన మా దేవుళ్లను రాళ్లు అని, దయ్యాలు అని తిట్టాడు. మా అమ్మ మంచంలో పడుకుని విన్నది. ఇంకోసారి ఉచిత వైద్య శిబిరం అని పిలిచారు, బీపీ చూశారు, సంతోషం, మందులు ఇచ్చే ముందు అందరినీ కళ్లు మూసుకోమన్నారు, తర్వాత ఒక కాగితం మీద సంతకం. దేనికో చెప్పలేదు. చెప్పి పిలిస్తే వచ్చేవాళ్లు వచ్చేవారు, రానివాళ్లు రారు.

రాజ్యాంగం 25వ అధికరణం మీ మతం గురించి చెప్పుకునే హక్కు మీకు ఇచ్చింది, కాదనను. 1977లో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా అన్నది, చెప్పే హక్కు ఉంది గానీ ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు అంటూ వేరేగా లేదని. మా తమ్ముడు వకీలు, వాడు చెప్పాడు. మీ పౌలు గారు వేరే దేవుళ్లు ఉన్న ఊళ్లలోనే తిరిగాడు కదా, ఆయన కూడా ఇట్లాగే తిట్టాడా? తెలుసుకోవాలనే అడుగుతున్నా, వెటకారం కాదు.


జవాబు: నైట్_డ్యూటీ_అక్క

అన్నా, మీ అమ్మ గారు ఆ రాత్రి విన్నదానికి నాకు సిగ్గుగా ఉంది, ఆ ప్రసంగీకుడు ఎవరో నాకు తెలియకపోయినా.

మీరు అడిగినదానికి జవాబు బైబిల్లోనే సూటిగా ఉంది. ఎఫెసులో అర్తెమిదేవి గుడి పెద్దది. పౌలు బోధ వల్ల వెండి గుళ్లు అమ్ముకునే కంసాలుల వ్యాపారం దెబ్బ తిన్నది, గొడవ లేచింది, ఊరంతా రంగస్థలంలోకి ఉరికింది, రెండు గంటలు ఒకటే నినాదం. అప్పుడు జనాన్ని ఊరుకోబెట్టింది క్రైస్తవుడు కాదు, ఆ ఊరి అధికారి. మన తెలుగు బైబిల్లో "కరణము" అని ఉంటుంది, మన వైపు అయితే పట్వారీ అనుకోండి. ఆయన అన్నమాట ఏంటంటే, వీళ్లు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించినవాళ్లూ కారు, ఏదైనా ఫిర్యాదు ఉంటే కోర్టుకు వెళ్లండి. రెండేళ్లకు పైగా అక్కడే ఉండి మాట్లాడిన మనిషి గురించి అవతలి పక్షం అధికారి అట్లా చెప్పగలిగాడు. పౌలు విగ్రహాల గురించి తన నమ్మకం దాచలేదు, చేతులతో చేసినవి దేవుళ్లు కావు అన్నాడు, అందుకే కదా కంసాలులకు కోపం. నమ్మింది చెప్పడం వేరు, ఎదుటివాడి దేవత పేరు పెట్టి తిట్టడం వేరు. మన స్టేజి మీద మాట్లాడేవాళ్ల గురించి మన ఊరి పట్వారీ ఆ సర్టిఫికెట్ ఇస్తాడా అని నాకు అనుమానమే.

వైద్య శిబిరం సంగతి. నేను నర్సుని, అందుకే అది చదివి ఎక్కువ బాధపడ్డాను. క్రీ.శ. 250ల్లో రోమా సామ్రాజ్యంలో పెద్ద తెగులు వచ్చింది. అంతకు కొంచెం ముందే డేసియస్ చక్రవర్తి కాలంలో క్రైస్తవులను వేధించారు. కార్తేజి బిషప్ సిప్రియన్ తన వాళ్లతో, మనవాళ్లను మాత్రమే చూసుకుంటే అందులో గొప్పేముంది, మనల్ని హింసించినవాళ్లకు కూడా చేయండి అన్నాడు. అలెగ్జాండ్రియాలో రోగులకు సేవ చేస్తూ అదే రోగం అంటుకుని చనిపోయినవాళ్ల గురించి అక్కడి బిషప్ డయొనీసియస్ ఉత్తరం రాశాడు. వందేళ్ల తర్వాత, 361 నుంచి 363 దాకా ఏలిన జూలియన్ అనే చక్రవర్తి, క్రైస్తవాన్ని వదిలి పాత దేవతల పూజ మళ్లీ నిలబెట్టాలనుకున్నవాడు, తన పూజారికి రాసిన ఉత్తరంలో కోప్పడ్డాడు. ఈ గలిలయులు (క్రైస్తవులను ఆయన అట్లా పిలిచేవాడు) తమ పేదలతో పాటు మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనకు ఇది సిగ్గు కాదా అని. శత్రువు రాసినది కాబట్టి నేను దాన్ని ఎక్కువ నమ్ముతాను.

మన వైపే ఇంకోటి చూడండి. 1915లో డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ దంపతులు కుష్ఠు ఆస్పత్రి పెట్టారు, దానికి పెద్ద విరాళం ఇచ్చింది నిజామాబాద్ రాజా నర్సాగౌడ్, ఆయన హిందువు. సంతకాలు తీసుకునే ఆస్పత్రి అయితే ఆయన ఇచ్చేవాడా?

1876-78 కరువు అప్పుడు ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి పని ఇచ్చాడు. ఆ టైములో బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్లు ఎందరో. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక కూడా అడిగినవాళ్లకే ఇచ్చాడు, 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది, ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. అందరూ ఆ 2,222 అంకె చెబుతారు, నాకు ఆ ఆపిన నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. లెక్కలు పంపాల్సిన మిషనరీకి బాప్తిస్మాలు ఆపడం ఎంత కష్టమో ఏ పాస్టర్ గారినైనా అడగండి.

2021లో రెండో వేవ్ అప్పుడు మా వార్డులో చనిపోయినవాళ్లను ముట్టుకోవడానికి సొంతవాళ్లే భయపడ్డారు. మా చర్చి పిల్లలు నలుగురు పీపీఈ కిట్లు వేసుకుని మోశారు. పాట లేదు, కరపత్రం లేదు. అందులో ఒకడికి తర్వాత జ్వరం వస్తే వాళ్లమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే, పిల్లాడు బాగున్నాడు. ఎవరైనా మారారా అని అప్పుడు మా కమిటీలో ఒకాయన అడిగాడు. నేను లేచి బయటకు వచ్చేశాను.


జవాబు: ఎనుమాముల_గుమస్తా

నేను మిర్చి యార్డులో కమీషన్ దుకాణం గుమస్తాను, సీజన్‌లో మాకు ఆదివారం తప్ప ఊపిరి ఆడదు, పొట్టిగా రాస్తా. రెండో శతాబ్దంలో సెల్సస్ అని ఒక గ్రీకు పండితుడు క్రైస్తవాన్ని తిడుతూ పుస్తకం రాశాడు. ఆయన ఫిర్యాదు ఏంటంటే, ఉన్ని పని చేసేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, చదువు సంధ్య లేనివాళ్లు, పెద్దల ముందు నోరు మెదపరు, ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు దొరికితే మాత్రం చెబుతూ కూర్చుంటారు అని. ఆయన తిట్టాడు గానీ నాకు అది రిపోర్టులా కనిపిస్తుంది. ఎవరు, ఎక్కడ, ఎట్లా అన్నీ చెప్పేశాడు. స్టేజి లేదు, పనిచేసే చోటు, ఇల్లు.

పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల ఇంట్లో ఉండి డేరాలు కుట్టాడు. థెస్సలొనీకలో ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు కష్టపడ్డామని రాశాడు. రోమా పత్రిక చివర ఆయన వందనాలు చెప్పిన పేర్లు చదవండి, బోలెడంత మంది, అందులో ఆడవాళ్లు ఎందరో, ప్రిస్కిల్ల, మరియ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు. ఫీబే గురించైతే మొదట్లోనే సిఫారసు. మా ఇంట్లో నన్ను చర్చికి తెచ్చింది మా పెద్దమ్మ, పాస్టర్ కాదు, ఆమె చదివింది మూడో తరగతి.

జిరాక్స్ తమ్మీ, నువ్వు షామియానా కూలీల సంగతి రాసి పైపైన వదిలేశావు. పౌలు కుట్టింది కూడా డేరాలే కదా! నీ దుకాణానికి రోజూ ఎంతమంది వస్తారు, రేషన్ కార్డని, ఆసరా పింఛనని, భూమి కాగితాలని. వాళ్లలో సగం మందికి ఫారం చదవడం రాదు. ఎక్కువ డబ్బులు గుంజకుండా, తప్పు లేకుండా నింపి పంపు, అదే ముందు. నోరు తెరిచి చెప్పడం దాని తర్వాత, వాళ్లు అడిగినప్పుడు. అడుగుతారు, మా దగ్గర హమాలీలు అడిగారు, తూకంలో ఎందుకు మోసం చేయవన్నా అని. దానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ముందు మూడేళ్లు నేనూ అందరిలాగే తూచినవాణ్ణే లెండి.


జవాబు: జనగామ_బ్రదర్

గుమస్తా అన్న చివరి లైను చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నర్సంపేట అన్నకు, మా వైపు నుంచి సారీ. కూటాలు మాత్రం నేను ఇప్పటికీ వద్దనను, పదిలోపు ముగించాలి, తిట్లు లేకుండా.


జిరాక్స్_హన్మకొండ (ప్రశ్న అడిగినవాడు)

అందరికీ థాంక్స్. టీచర్ గారు చెప్పినట్టు కమిటీ పేర్లు రాసి చూశాను. పదకొండు మంది, అందరం ఒకే వాడ, ఒక్క ఆడమనిషి లేదు. షామియానా కట్టి ఇప్పుడు మాతో ఉన్న ఆ ఇద్దరి పేర్లు ఏ లిస్టులోనూ లేవు. ఆ కాగితం అట్లాగే పాస్టర్ గారి ముందు పెట్టాను. చాలాసేపు చూశారు, "డోర్నకల్ సార్ ఎవరో నాకు తెలుసు అనుకుంటా, నాకు కూడా ఇట్లాగే క్లాసు పీకేవారు" అన్నారు. నిజమేనా సార్?

కూటాలు రద్దు కాలేదు, అబద్ధం ఎందుకు. ఒక్క సాయంత్రానికి తగ్గింది, చర్చి ఆవరణలోనే, తొమ్మిదిన్నరకు బంద్. ఎల్‌ఈడీ తెర లేదు, ఫ్లెక్సీల మీద ఫొటోలు లేవు, దానికి ఒకాయన అలిగి రెండు వారాలు మాట్లాడలేదు. ప్రసంగీకుడు వేరే మతాల పేరు ఎత్తకూడదని ముందే ఒప్పుకుంటేనే పిలుస్తామని పాస్టర్ గారే అన్నారు. మిగిలిన డబ్బు గురించి ఇంకా గొడవ నడుస్తోంది. సగం మంది గోడకు రంగులు వేద్దాం అంటున్నారు. నేను, ఇంకో ఇద్దరు అడుగుతున్నది, ఏడాది పాటు ఒకే ఒక్క తండాకు ప్రతి శనివారం వెళ్లిరావడానికి ఖర్చు. పిల్లలకు ట్యూషన్, పెద్దవాళ్లకు ఫారాలు. ఎందుకొచ్చామని అడిగితే మేం చర్చివాళ్లమని మొదటి రోజే చెప్పేస్తాం, సర్పంచ్‌కు కూడా, దాపరికం లేకుండా. పేర్లు రాయించుకునే కార్డులు ఏడాది దాకా తీయకూడదని మాలో మేము అనుకున్నాం, క్లఫ్ దొర సంగతి చదివాక.

చిక్కు ఏంటంటే మా ముగ్గురికీ లంబాడీ మాట ఒక్కటీ రాదు. నేర్పేవాళ్లు ఎవరైనా తెలుసా? వారానికి ఒక గంట చాలు, ఫీజు ఇస్తాం.


జవాబు: డోర్నకల్_రిటైర్డ్_టీచర్

మీ పాస్టర్ నా దగ్గర చదివినట్టే ఉన్నాడు, లెక్కల్లో వీక్. నేర్పడానికి నేను రెడీ గానీ నాది మాస్టరు భాష, వింటే మళ్లీ నవ్వుతారు. ఆ భాషలోనే పుట్టినవాళ్లను చూసుకోండి.


జవాబు: నర్సంపేట_ఎరువుల_షాపు

మా షాపుకు యూరియా కోసం వచ్చే పిల్లాడు ఒకడు ఉన్నాడు, నెక్కొండ వైపు తండా, డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాడు, మాట బాగుంటుంది. వాడు మీ మతం కాదు, తీజ్ పండగ వస్తే డ్యాన్సులో ముందుంటాడు. అయినా పర్వాలేదంటే నంబరు పంపుతా. భాష నేర్పుతాడు, అంతవరకే. ఫీజు సరిగా ఇవ్వండి, నా పేరు చెడగొట్టకండి.


జిరాక్స్_హన్మకొండ

పర్వాలేదన్నా, పంపండి. శనివారం పొద్దున్నే వచ్చి కలుస్తాం, మీ షాపు ఎన్నింటికి తీస్తారు?